యూనియన్ పైపులు, ఎడమచేతివి

ఆ ప్రకటన ప్లంబింగ్ కాలమ్‌లో వచ్చింది. పైన వాటర్ హీటరు, కింద కిచెన్ సింకు, మధ్యలో ఇది: "యూనియన్ పైపులు, ఎడమచేతివి, పూర్తి సెట్, వాడినవి. తెలిసినవాళ్ళే ఫోన్ చేయగలరు."

మా ఆయన రత్నరాజు పైపింగ్ ఇంజనీరు. షికాగోలో ఒక డిజైన్ కంపెనీలో అణువిద్యుత్ కేంద్రాలకు పైపులైన్లు గీసేవారు. 1982 నాటికి ఆ కేంద్రాల ఆర్డర్లు ఒక్కొక్కటే రద్దవుతున్నాయి. ఏప్రిల్‌లో ఆయన పనిచేసే ఫ్లోర్ మొత్తాన్ని లే-ఆఫ్ చేశారు. నేను హాస్పిటల్లో నర్సుని. షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్ అద్దెకి ఇబ్బంది రాలేదు. ఆయన మే నెలంతా గడ్డం గీసుకోకుండా సోఫాలో కూర్చుని, ప్రతి గురువారం గుమ్మంలో పడే ఉచిత పత్రిక చదివారు. మొదట్లో ఉద్యోగాల పేజీ. తరవాత దాన్ని మానేసి ప్లంబింగ్ కాలమ్.

"ఇది చూడు వసంతా," అన్నారు జూన్ మొదట్లో ఒక శనివారం. "యూనియన్ అంటే రెండు పైపుల్ని కలిపే జాయింటు. ఎడం మర ఉన్నవి గ్యాస్ సిలిండర్లకి వాడతారు. ఎడం మర యూనియన్లు పూర్తి సెట్ ఇంట్లో పెట్టుకున్నవాడు ఎవడై ఉంటాడు?"

ఇంగ్లీషులో ఎడమ చేతికీ, ఎడమ వైపు తిరిగే మరకీ ఒకే మాట వాడతారు.

"ఎవడైతే మనకెందుకండీ?"

"అడిగితే పోయేదేముంది?"

ఫోన్ చేశారు. అవతల ఒక ముసలావిడ. ఆయన రిసీవరు నా వైపు కాస్త తిప్పి పట్టుకున్నారు.

"పైపులతో మీకు ఎన్నేళ్ళ పరిచయం?" అని అడిగిందావిడ.

"పద్దెనిమిదేళ్ళు."

"ఎడమచేతివి?"

"ఎప్పుడో ఒకటీ అరా చూశాను."

"ఎవరైనా అంతేలెండి. ఇప్పుడే రండి, టీ పెడతాను."

లే-ఆఫ్ తరవాత ఆయన బయటికి వెళ్తానన్నది అదే మొదటిసారి. కారు తాళాలు నేనే తీశాను. మా అమ్మాయి ప్రేమజ్యోతికి అప్పుడు ఆరేళ్ళు. దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పక్క ఊరు ప్యాలటైన్ వెళ్ళాం.

ఆవిడ పేరు నోరా గెరటీ. భర్త మార్టిన్ చనిపోయి ఏడాది దాటింది. వంటింటి బల్ల మీద ఒక చెక్కపెట్టె పెట్టింది. మా ఆయన మూత తీశారు. అందులో ఒక తోలు సంచి, ఒక చిన్న తిత్తి, రంధ్రాలున్న నల్లచెక్క గొట్టం ఒకటి, ఇత్తడి మీటలున్న గొట్టాలు కొన్ని ఉన్నాయి.

ఆయన కాసేపు చూశారు. "ఇవి పైపులు కావండీ," అన్నారు.

"మార్టిన్ ముప్ఫై ఏళ్ళు వాయించాడు. పైపులు కావని ఎవరూ అనలేదు."

"వాయించారా?"

"మీరు పద్దెనిమిదేళ్ళన్నారు?"

"నావి నీళ్ళ పైపులండీ. ఆవిరి పైపులు."

ఆవిడ నవ్వలేదు. కేటిల్ తెచ్చి మూడు కప్పుల్లో టీ పోసింది. అప్పుడు చెప్పింది. ఐర్లండు బ్యాగ్‌పైపులని నోటితో ఊదరు. ఒక మోచేతికి తిత్తి కట్టుకుని కొడితే గాలి సంచిలోకి పోతుంది. రెండో మోచేత్తో సంచి నొక్కుతారు. పాతకాలం వాళ్ళు వాటిని యూనియన్ పైపులంటారు. మార్టిన్ అదే మాట అనేవాడు కాబట్టి ఆవిడా పత్రిక ఆఫీసుకి ఫోన్‌లో ఆ మాటే చెప్పింది. ప్రకటన రాసుకున్న అమ్మాయి దాన్ని ఎక్కడ వేసిందో ఆవిడ చూసుకోలేదు.

"అందుకా, నిన్నొకడు ఫోన్ చేసి మర సైజెంత అన్నాడు," అంది.

మా ఆయన అప్పటికే లేవాల్సింది. లేవలేదు. తిత్తి చేతిలోకి తీసుకుని దాని కవాటం వేలితో తెరిచి మూశారు. నాన్ రిటర్న్ వాల్వ్, గాలిని వెనక్కి పోనివ్వదు అని నాతో తెలుగులో అన్నారు. తరవాత దాని పట్టీ మోచేతికి చుట్టుకున్నారు. అందరి పైపులకీ తిత్తి కుడి మోచేతికి ఉంటుందట. ఇది ఎడమ మోచేతికి. ఆయన నాలుగుసార్లు కొట్టారు. కుడి చంకలో సంచి నిండింది. గొట్టంలోంచి అరుపు వచ్చింది. ప్రేమజ్యోతి చెవులు మూసుకుంది.

"డాడీ, గోట్ ఏడుస్తుంది," అంది.

గెరటీ ఆయన మోచేతి వైపు చూస్తోంది. "మీది ఎడమచేతివాటమా?"

"కాదు," అన్నారు ఆయన.

"అవును," అన్నాను నేను.

ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆవిడ నా వైపు తిరిగింది. "చిన్నప్పుడు మార్పించారు," అన్నాను.

ఆయన తిత్తి విప్పలేదు.

ఆ పైపులు కొనేవాళ్ళలో ఒక పద్ధతి ఉందని ఆవిడ చెప్పింది. కొన్న ధరకే అమ్మాలి, లాభం చూసుకోకూడదు. గోడకి తగిలించకూడదు. వాయించడం మానేస్తే వాయించేవాడికే ఇవ్వాలి. మార్టిన్ చివరి ఇరవై ఏళ్ళూ బయట ఎక్కడా వాయించలేదు. అతనికి తెలిసిన పైపర్లందరూ పోయారు. అందుకే పేపర్లో వేసింది.

"నేను వాయించేవాణ్ణి కాను," అన్నారు మా ఆయన.

"మార్టిన్ కూడా మొదట కాదు," అంది ఆవిడ.

ఆవిడ చెప్పిన ధరకే కొన్నాం. తిరిగొచ్చేటప్పుడు ఆయన డ్రైవ్ చేశారు, పెట్టె నా ఒళ్ళో ఉంది. "ప్లంబింగ్ సామాను అన్నారు," అన్నాను.

"ప్లంబింగే. నీళ్ళ బదులు గాలి."

*

మా అత్తగారు అంతకుముందు శీతాకాలం మా దగ్గర ఉండి వెళ్ళారు. ప్రేమజ్యోతి కూడా ఎడమచేతివాటమని ఆవిడే కనిపెట్టారు. అది ఏదైనా ఎడం చేత్తో అందిస్తే తీసుకునేవారు కాదు. "ఎడం చేత్తో ఇచ్చింది ఇచ్చినట్టు కాదే తల్లీ. మళ్ళీ ఇయ్యి," అనేవారు. అది కుడి చేత్తో మళ్ళీ ఇచ్చేది. కొడుకు చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు ఎడమ మణికట్టుని గుడ్డతో పీటకి కట్టేసేవాళ్ళమని ఆవిడ నాకు చెప్పారు. గొప్పగానూ చెప్పలేదు, బాధగానూ చెప్పలేదు. ఆవిడ వెళ్ళాక ఆ పని నాకు వచ్చింది. బల్ల దగ్గర ప్రేమజ్యోతి ఎడం చేతిలో స్పూన్ కనిపిస్తే తీసి కుడి చేతిలో పెట్టేదాన్ని. వార్డులో మెలిక పడిన ట్యూబు కనిపిస్తే సరిచేస్తాం కదా, అలా.

మా ఆయన కుడి చేత్తో రాస్తారు, కుడి చేత్తో తింటారు. డ్రాఫ్టింగ్ బోర్డు దగ్గర పద్దెనిమిదేళ్ళూ కుడి చేత్తోనే గీశారు.

పైపులు వచ్చాక ఆయన వాటిని మొదట వాయించలేదు. జాయింట్లన్నిటికీ బ్రష్‌తో సబ్బునీళ్ళు రాసి, తిత్తి కొట్టి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూశారు. గ్యాస్ లైన్‌కి అలాగే చూస్తారట. లీకులున్న చోట నూలుదారం చుట్టి మైనం పట్టించారు. వారం తరవాత గొట్టం అరవడం మానేసి పలికింది. గెరటీ ఇచ్చిన క్యాసెట్‌లో మార్టిన్ వాయించినవి వింటూ ఒక్కొక్క స్వరం వెతుక్కున్నారు.

నేను గమనించింది వేరే. పైపులు కట్టుకునే రోజు ఆయన పొద్దున్నే గడ్డం గీసుకునేవారు. జులై వచ్చేసరికి ప్రతి రోజూ గీసుకుంటున్నారు.

ఆదివారాలు మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. సంఘపెద్ద దైవాశీర్వాదంగారు ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చారు.

"వందనాలు బ్రదర్. మీ జాబ్ గురించి అందరం ప్రేయర్ చేస్తున్నాం."

"వందనాలండీ."

"ఇంట్లో ఏదో తిత్తి ఊదుతున్నారట?"

"ఊదడం కాదండీ. మోచేత్తో కొట్టడం."

"కొలిమి తిత్తిలాగా?"

"అదే అనుకోండి."

"మరి ఇంజనీరింగు?"

"ఆ కొలిమి ఆరిపోయింది కదండీ," అన్నారు మా ఆయన.

దైవాశీర్వాదంగారు నా వైపు చూశారు. నేను పులిహోర గిన్నె మూత తీశాను.

*

ఏసీ గాలికి గొట్టం లోపలి రీడ్ ఎండి చీలింది. సన్నాయికి నోటి దగ్గర ఉండే పీకలాంటిదే అది. ఆయన షికాగోలో పైపర్ల క్లబ్బుకి ఫోన్ చేసి రీడ్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఎలాంటి సెట్ అని అడిగితే ఎడమచేతిది అని చెప్పారు. అవతలి మనిషి మా నంబరు రాసుకున్నాడట.

ఆ ఆదివారమే, క్లబ్బులో సంగతి తెలిసి, డెనిస్ కిల్బేన్ వచ్చాడు. ఎల్గిన్‌లో సిటీ బస్ డ్రైవరు. యాభై దాటి ఉంటాయి. బస్ కంపెనీ చొక్కాతోనే వచ్చాడు. పొగాకు డబ్బాలో రెండు రీడ్‌లు తెచ్చాడు, తను చేసినవి. ఒకటి బిగించి, పైపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడ దొరికాయి?"

"పేపర్లో."

"ఏ పేపరు?"

మా ఆయన చెప్పారు.

"అది మా ఇంటికీ వస్తుంది. మ్యూజిక్ కాలమ్ నేను ప్రతి గురువారం చూస్తాను. ఏళ్ళ తరబడి చూస్తున్నాను."

మా ఆయన లోపలికి వెళ్ళి పత్రిక తెచ్చి, మడత విప్పి చూపించారు. కిల్బేన్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"వాటర్ హీటరుకీ సింకుకీ మధ్య," అన్నాడు. మళ్ళీ చదివాడు. "మా సింకు కూడా కారుతోంది. అయినా ఈ కాలమ్ చూడలేదు."

వాయించమని మా ఆయన అన్నారు. కిల్బేన్ కుర్చీలో కూర్చుని పట్టీలు బిగించుకున్నాడు. మొదట ఏమీ వాయించలేదు. ఎడమ మోచెయ్యి ఆడిస్తూ సంచి నింపి, ఖాళీ చేసి, మళ్ళీ నింపాడు. తరవాత వాయించాడు. మా ఆయన నెల రోజులుగా వెతుక్కుంటున్న స్వరాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రేమజ్యోతి చెవుల మీద చేతులు పెట్టుకోబోయి దించింది. మా ఆయన అతని వేళ్ళు చూడలేదు. మోచేతినే చూస్తున్నారు.

ఆపాక కిల్బేన్ మొహం తుడుచుకున్నాడు. "పదకొండేళ్ళుగా కుడిచేతి సెట్ వాయిస్తున్నాను. ఎడమచేతిది చేసిచ్చే మనిషి దగ్గర నా పేరుంది. నా వంతు ఇంకా రాలేదు. ఇలాంటిది కట్టుకోవడం ఇదే మొదలు."

"రాసేది ఏ చేత్తో?" అని అడిగారు మా ఆయన.

"కుడి. స్కూల్లో నన్‌లు మార్పించారు."

"ఎలా?"

"స్కేలుతో. మీకు?"

"అమ్మ. గుడ్డతో."

"గుడ్డ నయం."

"స్కేలు ఊరికే కొట్టి పోతుంది కదా," అన్నారు మా ఆయన.

ఆ తరవాత కిల్బేన్ అడిగాడు. మీకు ఎప్పుడైనా ఇచ్చెయ్యాలనిపిస్తే, అని మొదలుపెట్టాడు. ముందు వచ్చినవాళ్ళదే సెట్, మిమ్మల్ని తప్పు పట్టను అని కూడా అన్నాడు.

"చూద్దాం," అన్నారు మా ఆయన ఇంగ్లీషులో.

తెలుగువాళ్ళు చూద్దాం అంటే లేదని. మొహం మీద లేదనలేక అనే మాట. కిల్బేన్‌కి అది తెలియదు. చూద్దామన్నారు కాబట్టి చూస్తారనుకున్నాడు. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసేవాడు. రీడ్ ఎలా ఉందని అడిగి, చివర్లో, "ఏమైనా చూశారా?" అనేవాడు. మా ఆయన, "చూద్దాం," అనేవారు.

"లేదని చెప్పెయ్యొచ్చుగా," అన్నాను మూడో ఆదివారం.

"అదేగా చెప్తున్నాను."

"తెలుగులో చెప్తున్నారు."

ఆ వారం ఆయన సరిగా వాయించలేదు. పైపులు కట్టుకుని, తిత్తి కొడుతూ, గొట్టం మీద వేళ్ళు పెట్టకుండా కూర్చునేవారు. పాత పత్రిక ఇంకా బల్ల మీదే ఉంది.

నా లెక్క నాకుంది. పైపులు పోతే గడ్డం పెరుగుతుంది. తరవాతి ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ మోగింది. నేనే తీశాను.

"మిస్టర్ కిల్బేన్, ఆయన అమ్మరు. చూద్దామంటే అర్థం అదే," అన్నాను.

"అర్థమైంది మేడమ్. థాంక్యూ. ఏసీ గాలి తగలకుండా పెట్టెలో ఒక తడి స్పాంజి ముక్క పెట్టమనండి."

మర్నాడు డ్యూటీ నుంచి వస్తే గుమ్మం ముందు పొగాకు డబ్బా ఉంది. లోపల నాలుగు రీడ్‌లు. చీటీ ఏమీ లేదు.

మరో ఆదివారం గడిచింది. భోజనానికి కూర్చున్నాం.

"ఫోన్ రాలేదే," అన్నారు మా ఆయన.

"రాదు. అమ్మరని చెప్పాను."

"నువ్వా?"

"నేనే."

ఆయన కంచం వైపు చూశారు. ప్రేమజ్యోతి స్పూన్ ఎడం చేత్తో పట్టుకుని పెరుగన్నం తింటోంది. నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపి స్పూన్ పట్టుకున్నాను. అది వేళ్ళు వదిలేసింది. అదీ అలవాటే.

"ఉండనీ," అన్నారు ఆయన.

"ఏంటి?"

"ఆ చేతిలోనే ఉండనీ."

స్పూన్ నా చేతిలో ఉంది. ప్రేమజ్యోతి నన్నూ ఆయన్నీ చూసింది. "మమ్మీ, నాకు హంగ్రీగా ఉంది," అంది. నేను స్పూన్ కంచంలో పెట్టాను. అది ఎడం చేత్తో తీసుకుంది.

మర్నాడు ఆయన క్లోజెట్లోంచి డ్రాఫ్టింగ్ బోర్డు తీశారు. లే-ఆఫ్ తరవాత దాన్ని బయటికి తియ్యలేదు. పైపులు విప్పి ఒక్కొక్క ముక్కా కొలిచి గీయడం మొదలుపెట్టారు. గొట్టం లోపలి వ్యాసం పైన ఎంత, మధ్యలో ఎంత, చివర ఎంత అని సన్నని పుల్లలు దూర్చి చూసుకునేవారు. పెన్సిలు ఎడం చేతిలో ఉంది. మొదటి రోజు గీతలు వంకరపోయాయి. చెరిపి మళ్ళీ గీశారు. రెండు వారాల్లో ఆరు షీట్లు అయ్యాయి. కింద మూలన డిజైన్ చేసినవారి పేరు రాసే గడిలో మార్టిన్ గెరటీ అనీ, గీసినవారి గడిలో తన పొడి అక్షరాలూ రాశారు. మార్టిన్ డిజైన్ చెయ్యలేదు కదా అన్నాను. ఆ గడి ఖాళీగా వదలకూడదన్నారు.

షీట్లు పూర్తయిన సాయంత్రం ఆయనే కిల్బేన్‌కి ఫోన్ చేశారు. "సింకు ఇంకా కారుతోందా?" అని అడిగారు.

*

సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే ముందు శనివారం ఎల్గిన్ వెళ్ళాం. పెట్టె మా ఆయన కాళ్ళ దగ్గర ఉంది. నేను డ్రైవ్ చేశాను. వెనక టూల్ బాక్స్ కదిలి చప్పుడు చేస్తోంది. ఉద్యోగం ఇంకా రాలేదు. ఆయన ఆ పొద్దున గడ్డం గీసుకున్నారు. రేపు గీసుకుంటారో లేదో నాకు తెలియదు.

కిల్బేన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వంటింట్లోకి తీసుకెళ్ళాడు. గెరటీ చెప్పిన ధరే ఒక కవర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. మా ఆయన పెట్టె తెరిచి, అన్నీ ఉన్నాయని చూపించి, మూశారు. పెట్టెని పిడి దగ్గర ఎడం చేత్తో ఎత్తి ఇచ్చారు. కిల్బేన్ ఎడం చేత్తో అందుకున్నాడు. అంతవరకు ఆయన ఎవరికీ ఏదీ ఎడం చేత్తో ఇవ్వడం నేను చూడలేదు. ఉప్పు గిన్నె కూడా.

"నేను మానేస్తే ముందు మీకే ఫోన్ చేస్తాను," అన్నాడు కిల్బేన్. "అది పద్ధతి."

"చూద్దాం," అన్నారు మా ఆయన.

కిల్బేన్ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఈసారి చూద్దామంటే లేదని కాదని చెప్పడానికి. అతనికి ఏమర్థమైందో తెలియదు.

అతను ముందుగదిలో వాయిస్తుంటే మా ఆయన చొక్కా చేతులు మడిచి సింకు కింద దూరారు. ప్రేమజ్యోతి ఫ్లాష్‌లైట్ పట్టుకుంది. పాట మధ్యలో ఆగింది.

"ఏం పోయింది?" అని అక్కణ్ణుంచే అడిగాడు కిల్బేన్.

"యూనియన్," అన్నారు మా ఆయన సింకు కింద నుంచి. "కుడి మరే."

పాట మళ్ళీ మొదలైంది. ఆయన రెంచి తిప్పడం అయ్యాక కూడా అది ముగిసేదాకా కిందే పడుకుని ఉన్నారు.

తిరుగు దారిలో షామ్‌బర్గ్ ఎగ్జిట్ బోర్డు కనిపించాక నేను అడిగాను.

"ఎడం చేత్తో ఇచ్చారేంటండీ?"

"అమ్మ ఏమనేది?"

"ఎడం చేత్తో ఇచ్చింది ఇచ్చినట్టు కాదని."

"అందుకే," అన్నారు ఆయన.